రాళ్ళు కదిపిన ఇల్లు

పోయిన వారం కథ మా వంటింట్లో ఆగింది. స్టవ్ మీద పాలు పొంగిపోతున్నాయి, నేను ఫోను చెవికి ఆనించుకుని కొయ్యబొమ్మలా నిలబడిపోయాను. పాలు పోతే పోయాయి. నిన్న రాత్రి ఫోన్లో మా చెల్లి అన్న మాటలు మాత్రం మళ్ళీ ఒకసారి చెప్పాలి, ఎందుకంటే ఇవాళ జరిగిందంతా వాటి వల్లే జరిగింది.

"అక్కా, ఈ ఇంట్లో ఓ తమాషా చెప్పనా? నేను కాపురానికొచ్చే ముందురోజు సామానంతా మార్చేశారట. బీరువా ఉన్నచోట సోఫా, సోఫా ఉన్నచోట భోజనాల బల్ల. సొంతింట్లో వీళ్ళే గుద్దుకున్నారే! నన్నేమో మేడ మీద అద్దాల గదిలో పెట్టారు. వారం రోజులేనట, అందరికీ అలవాటయ్యే దాకా. గడియ మాత్రం బయటివైపు ఉంది" అని పకపకా నవ్వింది. అది చిన్నప్పట్నుంచీ అంతే. పిడుగు పడినా మెరుపు బాగుందనే రకం.

నాకు నవ్వు రాలేదు. ఆ పద్ధతి ఎక్కడిదో నాకు తెలుసు. అది మనుషుల కోసం పుట్టింది కాదు. చేపల కోసం నేనే ఓ కాగితం మీద రాసిచ్చింది.

ఉప్పునీళ్ళ ట్యాంకులు చూసుకోవడం నా వృత్తి. హోటళ్ళలో, ఆఫీసుల్లో, డబ్బు చేసినవాళ్ళ ఇళ్ళలో గాజు తొట్లలో రంగురంగుల సముద్రపు చేపలుంటాయే, వాటి నీళ్ళు మార్చేదాన్ని, జబ్బులు చూసేదాన్ని, తగవులు తీర్చేదాన్ని. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది గానీ అందరికీ నేను ట్యాంకమ్మనే. పళ్ళ డాక్టరు గారి క్లినిక్కులో ఆరడుగుల ట్యాంకును ఆరేళ్ళుగా చూస్తున్నాను. ఆరేళ్ళలో ఒక్క వారం నీళ్ళు మార్చడం తప్పలేదు, ఒక్క చేప ఆకలితో ఉండలేదు. నేను రాలేని రోజుల్లో డాక్టరు గారే చొక్కా చేతులు మడిచి గాజు తుడిచేవాడు. చేపని ఇంత బాగా చూసుకునే మనిషి పెళ్ళాన్ని ఇంకెంత బాగా చూసుకుంటాడో అనుకున్నాను. ముప్పై ఆరేళ్ళ దాకా పెళ్ళి వద్దంటూ వచ్చిన చెల్లిని పోరు పెట్టి ఒప్పించింది నేనే. నా బుద్ధి తెల్లారినట్టే ఉంది.

ఇక ఇవాళ్టి సంగతి.

పొద్దున్నుంచి చెల్లికి పదకొండుసార్లు ఫోను చేశాను. ఎత్తలేదు. ఇవాళ క్లినిక్కుకి సెలవు. వారం క్రితం తెచ్చిన పసుపు చేపని ఇవాళే పెద్ద ట్యాంకులోకి వదలాలని ముందే అనుకున్నాం గనక, వెళ్ళడానికి వేరే సాకు వెతుక్కోనక్కర్లేకపోయింది. మధ్యాహ్నం ఒంటిగంటకి బక్కెట్లు, గొట్టాలు పట్టుకుని క్లినిక్కు మెట్లెక్కాను. దాని పైనే వాళ్ళిల్లు. డాక్టరు గారే తలుపు తీశాడు. ఉతికిన తెల్ల చొక్కా, చక్కగా దువ్విన తల. మొన్నటిదాకా నన్ను "ఏమండీ" అనేవాడు, పెళ్ళయ్యాక వరస మారింది.

"రండి వదినగారూ. ఎండలో వచ్చారు, కూర్చోండి. మంచినీళ్ళు తెమ్మంటారా?"

"మా చిన్నదేది?"

"పైన ఉంది. పడుకున్నట్టుంది."

నేను అక్కడే నిలబడి ఫోను నొక్కాను. ముందుగది బల్ల సొరుగులో మోగింది.

ఆ బల్ల గురించి చెప్పాలి. అది డాక్టరు గారి అక్కగారిది. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచి పెద్దచేసి, చదివించి, తను పెళ్ళి చేసుకోకుండా ఉండిపోయిన మనిషి. ఈ ఇల్లు, ఈ క్లినిక్కు ఆవిడ నోటి మాట మీద నడుస్తాయి. ఆ నోరు మాత్రం పైకి లేవగా నేనెప్పుడూ వినలేదు. పెన్సిళ్ళు సన్నగా చెక్కి వరసగా పెట్టుకుని, పేషెంట్లకు చీటీలిచ్చి, వంతు వచ్చినప్పుడల్లా పసిపిల్లల్ని లేపే గొంతుతో "తరువాతివారు రండమ్మా" అని పిలిచేది. ఏడ్చే పిల్లలు కూడా ఆ గొంతు వింటే లేచి వెళ్ళేవారు. ఆవిడ మంచితనాన్ని కూడా చూసే నేను ఈ సంబంధానికి తలూపాను.

సొరుగులో ఫోను మోగి మోగి ఆగింది.

"దాని ఫోను ఇక్కడెందుకుందండీ?"

"కొత్తచోట కదలిక ఎంత తక్కువుంటే అంత మంచిది కదా" అన్నాడు, నాకు తెలిసిన సంగతినే నాకు గుర్తు చేస్తున్నట్టు. "ఇవాళ్టితో వారం పూర్తి. రెండింటికి వదులుతాను. మీరే దగ్గరుండి చూద్దురుగాని."

"నేనిప్పుడే చూడాలి డాక్టరు గారూ. తలుపు తియ్యండి."

"ఇంకో గంట. ఇన్నాళ్ళు ఆగి ఒక్క గంటకి చెడగొట్టుకోవడం ఎందుకు?"

మేడ మీదికి మెట్లు ఈ ముందుగది చివర తలుపు వెనకనుంచే. దానికి తాళం వేసి ఉంది, తాళంచెవి ఆయన జేబులో ఉంది. అరిచి గోల చేద్దామా అనుకున్నాను. కానీ ఈయన సంగతి నాకు తెలుసు. గట్టిగా అడిగితే బిగుసుకుపోతాడు. చేతులు పనిలో ఉండగా మాటల్లో పెట్టి అడిగితే అన్నీ చెప్పేస్తాడు. అందుకే చేతులు కడుక్కుని ట్యాంకు దగ్గరికి వెళ్ళాను.

ట్యాంకులో పెద్ద చేప పేరు కత్తులయ్య. పేరు నేను పెట్టిందే. తోక మొదట్లో రెండు పక్కలా సన్నటి కత్తిలాంటి ముల్లుంటుంది దానికి. అరచేతంత నీలం చేప. పాతవాళ్ళ జోలికి పోదు, పిల్లచేపలు దాని పొట్టకింద ఆడుకుంటాయి. కొత్తది వస్తే మాత్రం ఆ సాధువు ఇంకోడైపోతాడు. పక్కకి ఒరిగి తోక విసిరితే కొత్తదాని ఒళ్ళు గీరుకుపోతుంది. తప్పు పట్టలేం. దానికి ప్రతి రాయీ తెలుసు, ప్రతి సందూ తనదే. తనదాంట్లోకి ఇంకోటి వస్తే ఊరుకునే ప్రాణి ఏదుంది?

అందుకే కొన్ని పద్ధతులున్నాయి. పసుపు చేప వారంగా ట్యాంకులోనే, చిల్లులున్న గాజులాంటి పెట్టెలో వేలాడుతోంది. అందరికీ కనిపిస్తుంది, ఎవరికీ అందదు. పక్క గాజుకి నాలుగు రోజులు అద్దం అతికించాను. కత్తులయ్య తన బొమ్మనే ఇంకో చేప అనుకుని దానితో పోట్లాడి పోట్లాడి అలిసిపోవాలని.

తుడుపుగుడ్డ కోసం ట్యాంకు కింది బీరువా తెరిచాను. తలుపు లోపలివైపు నా కాగితం కనిపించింది. ఆరేళ్ళనాటిది, తడవకుండా ప్లాస్టిక్ తొడుగులో పెట్టి ఉంది. నా వంకర రాతే. ఒకటి, రాళ్ళు కదిపి కొత్తగా పేర్చాలి. రెండు, కొత్తదాన్ని పెట్టెలో వారం ఉంచాలి. మూడు, పాతదానికి అద్దం పెట్టాలి. నాలుగు, వదిలే రోజు దీపాలన్నీ ఆర్పాలి. అయిదు, కొట్లాట ఆగకపోతే కొత్తదాన్ని తీసెయ్యాలి.

ప్రతిదాని ఎదురుగా పెన్సిలుతో గీసిన గళ్ళున్నాయి. గడిలో తేదీ, తేదీ పక్కన టిక్కు. పళ్ళ పటంలో గుర్తులు పెట్టినంత నీటుగా ఉంది. మొత్తం మూడు వరసలు.

మూడో వరస ఈ నెలది. మొదటి గడిలో ఉన్నది నేను పసుపు చేపని తెచ్చిన తేదీ కాదు, అంతకు ముందురోజుది. మా చెల్లి కాపురానికి వచ్చే ముందు ఆ ఇంట్లో సామాను మార్చిన తేదీ. మూడు గళ్ళకి టిక్కులున్నాయి, నాలుగో గడిలో ఇవాళ్టి తేదీ వేసి టిక్కు కోసం జాగా వదిలారు.

మొదటి రెండు వరసల తేదీలు నాలుగేళ్ళ క్రితంవి, రెండేళ్ళ క్రితంవి. ఆ నెలల్లో ఈ ట్యాంకులో నేను కొత్త చేపని వెయ్యలేదు. ఆ రెండు వరసల్లోనూ అయిదు గళ్ళకీ టిక్కులు పడ్డాయి.

 గుడ్డ తీసుకుని, తలుపు మెల్లిగా వేసి, ఏమీ చూడనిదానిలా లేచాను.

"డాక్టరు గారూ, పెళ్ళిచూపులప్పుడు మిమ్మల్ని ఒకటడిగాను. ఇంతకుముందు పెళ్ళయిందా అని."

"అడిగారు. ఒకసారి అయిందని చెప్పాను."

"ఒకసారేనా?"

"ఒకసారి అయింది నిజమే కదండీ. రెండోసారి అయిందా అని మీరు అడగలేదు."

ఇంత నిదానంగా అబద్ధం కాని అబద్ధం చెప్పే మనిషిని నేను చూడలేదు. మొహంలో కపటం లేదు, అందుకే నాకు ఎక్కువ భయమేసింది. మొక్కుబడిగా వినేవాళ్ళని చూశాను గానీ నా మాటని వేదవాక్కుగా పట్టుకున్నవాణ్ణి ఈయన్నే చూశాను.

"వాళ్ళేమయ్యారు?"

"అక్కకి పడలేదు" అన్నాడు. కుర్చీలో కూర్చుని మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు. "మీరు చూసే అక్క వేరు వదినగారూ. పాతవాళ్ళతో ఎంత మంచిదో చూశారుగా. కొత్త మనిషి ఇంట్లో అడుగుపెడితే ఆవిడ ఆవిడ కాదు. మొదటామెకి చెయ్యి విరిగింది. మెట్ల మీద జారిందన్నారు. రెండో ఆమెకి ముందు పళ్ళు నాలుగు పోయాయి." చొక్కా చెయ్యి సర్దుకున్నాడు. "నేనే కట్టాను. చాలా బాగా కుదిరాయి. మీరు చూస్తే కట్టుడు పళ్ళని పోల్చలేరు."

"అయినా మా చెల్లిని తెచ్చుకున్నారు."

"ఈసారి జాగ్రత్తగా చేద్దామనే. అప్పుడు గదికి గాజు తలుపుల్లేవు, మామూలు తలుపులు. అద్దం కూడా చిన్నది. ఈసారి నిలువుటద్దం కొన్నాను. హాల్లో అక్క కుర్చీకి ఎదురుగా పెట్టాను." గొంతు తగ్గించాడు. "మొదటి రెండు రోజులు అద్దంలో మనిషిని తిట్టింది. మూడోరోజు చెప్పు విసిరింది. నాలుగోరోజు నుంచి నవ్వుతోంది."

"ఎవర్ని చూసి?"

"అద్దంలోకే. మంచిదే కదా? కోపం అయిపోయినట్టే కదా?"

 చేప అద్దంతో పోట్లాట మానేసిందంటే రెండే అర్థాలు. అలిసిపోయి ఉండాలి, లేదా అది వట్టి గాజని తెలుసుకుని ఉండాలి. రెండోదైతే దాని కోపం ఎక్కడికీ పోలేదు.

నా చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. భుజం దాకా నీళ్ళలో పెట్టి ట్యాంకులో పెద్ద రాయిని ఎత్తాను, ఎడమ మూలనుంచి కుడికి జరిపాను. రెండోదాన్ని బోర్లించాను. గుహలా ఉన్నచోట చదును చేశాను. నీళ్ళు మసకబారాయి. కత్తులయ్య కంగారుగా అటూ ఇటూ తిరిగి తన పాత సందు కోసం వెళ్ళి రాతికి ముక్కు కొట్టుకుంది. వెనక్కి తిరిగి ఇంకోదానికి కొట్టుకుంది. ఈ కంగారే మాకు కావాలి. తన ఇల్లేదో తనకే తెలియని గంటలో కొత్తది వచ్చి పక్కన చేరితే, ఇద్దరూ కొత్తవాళ్ళే అవుతారు.

డాక్టరు గారు లేచి వచ్చాడు. ఎప్పుడూ నేను చేప వదిలేటప్పుడు ఆయన లోపల ఎవరి పన్నో పీకుతూ ఉండేవాడు. దగ్గరుండి చూడటం ఇదే మొదలు.

"ఇప్పుడెందుకు కదుపుతున్నారు?"

"ఏంటి?"

"రాళ్ళు. అది మొదటిది కదా? కాగితంలో ఒకటో నంబరు. పెట్టెకి ముందు. వారం క్రితమే చెయ్యాలి కదా?"

నీళ్ళలో నా చెయ్యి ఆగిపోయింది.

పాతికేళ్ళ పని నాది. నా చేతులకి తెలిసింది నా రాతకి తెలియలేదు. రాళ్ళు కదపాల్సింది వదిలే రోజునే, వదిలే గంటకి ముందే. నేనెప్పుడూ అలాగే చేస్తాను, తలుచుకోకుండానే చేస్తాను. ఆ రోజు గోడకి ఆనించి గబగబా కాగితం మీద గీకేటప్పుడు, ముందు గుర్తొచ్చింది ముందు రాశాను. వరస ఎవరు చూస్తారులే, నేనే కదా చేసేది అనుకున్నాను. రాళ్ళు ముందే కదిపి వారం ఆగితే ఏమవుతుంది? మూడు రోజుల్లో పాత చేప కొత్త సందులన్నీ నేర్చేసుకుంటుంది. మళ్ళీ అంతా దానిదే. కొత్తది మాత్రం పెట్టెలో కూర్చుని, ఏ సందు ఎటు పోతుందో తెలియకుండా బయటికి వస్తుంది.

మొదటామె చెయ్యి, రెండో ఆమె పళ్ళు గుర్తొచ్చాయి. నా కాగితాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించినందుకే. నాకు ఏడుపొచ్చింది, సిగ్గూ వచ్చింది. రెండింటికీ ఇప్పుడు తీరిక లేదు.

"డాక్టరు గారూ, నే రాసింది తప్పు. నంబర్లు తప్పు. ఆ తాళంచెవి ఇలా ఇవ్వండి."

"తప్పంటే?"

"అక్కగారు ఇప్పుడు ఇంట్లో దేనికైనా గుద్దుకుంటున్నారా?"

ఆయన అర్థం కానట్టు చూశాడు. "మొదటి రెండు రోజులూ మోకాళ్ళు కమిలిపోయాయి పాపం. బల్ల తగలడం, సోఫా తగలడం. తర్వాత..." ఆలోచించాడు. "తర్వాత నేను గమనించలేదు."

"రాత్రి?"

"రాత్రి దీపం వేసుకోకుండానే మంచినీళ్ళకి వెళ్ళొచ్చింది" అన్నాడు మెల్లిగా. అంటూండగానే ఆయన మొహంలో రంగు పోవడం చూశాను. "చప్పుడేం వినపడలేదు."

"మీరు కిందికొచ్చేటప్పుడు ఆవిడెక్కడున్నారు?"

"అద్దం ముందు. కుర్చీలో."

అప్పుడు మా నెత్తిమీద గరగరమని చప్పుడైంది. కిటికీకి ఇనప షట్టరు దించితే వచ్చే చప్పుడు. ఇద్దరం తలలెత్తి పైకప్పు వంక చూశాం. అది ఆగింది. కొన్ని అడుగులు. మళ్ళీ గరగర, ఈసారి కొంచెం దూరంగా.

"మీరు చెప్పారా దించమని?"

"లేదు. రెండింటికి నేనే వెళ్ళి దించాలి. ఇంకా టైమవలేదు" అన్నాడు చేతి గడియారం చూసుకుంటూ, చిన్నపిల్లాడి గొంతుతో. "కాగితం అక్కకి చూపించలేదు. బీరువా అక్క తెరవదు."

ఆ గళ్ళు గీసిన పెన్సిలు ఎవరు చెక్కిచ్చారో ఆయనకి తట్టలేదు. ఆరేళ్ళుగా ఈ గదిలో, ఈ బీరువాకి ఆరడుగుల దూరంలో కూర్చునే మనిషి గురించి అంటున్నాడు.

మూడో షట్టరు. నాలుగోది. మెట్ల తలుపు కింద సందులోంచి నేలమీద పడే ఎండగీత ఇంతసేపూ ఉంది. అది సన్నబడి సన్నబడి ఆరిపోయింది. బయట వీధిలో ఎండ మండిపోతోంది, స్కూటర్లు పోతున్నాయి. పైన ఆ ఇంట్లో చీకటి చేసేశారు.

నేను తడిచేత్తోనే ఆయన జేబులోంచి తాళంచెవి లాక్కుని పరిగెత్తాను. తాళం తిరిగింది. తలుపు నెట్టాను. కదల్లేదు. ఇద్దరం భుజాలు పెట్టి నెట్టాం. అవతలినుంచి గడియ వేసి ఉంది.

"చిన్నదానా!" అని అరిచాను. "ఒసే చిన్నదానా! తలుపు తియ్యకు! గదిలోంచి బయటికి రాకు!"

వారంగా గది తలుపులు ఎప్పుడు తెరుస్తారా అని చూస్తున్న పిల్ల. గడియ దాని చేతిలో లేదన్న సంగతి అరిచాక గుర్తొచ్చింది.

పైన అడుగులు మొదలయ్యాయి. తలుపుకి చెవి ఆనించాను. తొందర లేని అడుగులు. హాలంతా కొత్తగా మార్చిన సామాను, చిమ్మచీకటి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఏ కుర్చీకో కాలు తగిలిన చప్పుడు వినపడుతుందని ఊపిరి బిగపట్టుకుని ఎదురుచూశాను. నా వెనక ట్యాంకులో కత్తులయ్య రాళ్ళకి ముక్కు కొట్టుకుంటూనే ఉంది. పైన అడుగులు బల్ల ఉన్నచోట పక్కకి తిరిగాయి, సోఫా ఉన్నచోట ఆగి చుట్టూ తిరిగి వెళ్ళాయి, దేనికీ తగల్లేదు. అద్దాల గది ఉన్నవైపు ఆగాయి.

గడియ తీసిన చప్పుడైంది. గాజు తలుపు పక్కకి జరిగింది.

"అక్కా?" అంది మా చెల్లి గొంతు, చీకట్లో ఎటు చూడాలో తెలియక. "ఎవరది?"

జవాబుగా, ఆరేళ్ళుగా ఏడ్చే పిల్లల్ని కూడా లేపి నడిపించిన ఆ మెత్తటి గొంతు వినపడింది.

"తరువాతివారు రండమ్మా."